మన చిట్టా పుస్తకము

ధ్యానభాగము : లూకా సువార్త 15వ అధ్యాయము, 11 నుండి 32 వరకు



పాస్టరు డబ్బును గూర్చి నోరు తెరచిన వెంటనే కానుక పళ్లెము వచ్చుచున్నదని సంఘస్థులు తలంచుట వాడుక. ఈ నెల మేము కానుకల సంగతి వ్రాయుట లేదు. ఆదివారము పళ్లెములో పడు రూపాయిని గూర్చి కాక, శనివారము సాయంకాలము మన చేతినుండి జారిపోవు రూపాయిని గూర్చి మీతో కొంచెము మాటలాడ గోరుచున్నాము. సినిమాకు, ప్రయాణమునకు, హోటలు భోజనమునకు పోవు రూపాయి అది. దానికిని మన భక్తికిని సంబంధము లేదని మనలో అనేకులు తలంచుచున్నారు.

అయితే పైని వ్రాసిన వాక్యభాగమును మరల చదివి చూడుడి. తప్పిపోయిన కుమారుని కథలో ధనమున్నది, ప్రయాణమున్నది, వినోదమున్నది, భోజనమును ఉన్నది. చిన్న కుమారుడు తండ్రి ఆస్తిలో తన పాలు పంచుకొనెను. మూట కట్టుకొని దూరదేశమునకు పయనమాయెను. అక్కడ ఇష్టము వచ్చినట్లు బ్రదికి ఉన్నదంతయు ఊడ్చిపెట్టుకొనెను. తుదకు పందుల మేతకు ఆశపడు గతి పట్టెను. మన ప్రభువు ఒక మనుష్యుని ఆత్మ పడిపోయిన విధమును చెప్పదలచినప్పుడు అతని ఖర్చుల కథనే చెప్పెను. కాబట్టి మన ఖర్చులు దేవునికి పట్టని సంగతులు కావు.

మన వెంకటాచలము దారి ప్రక్క ఊరు. చెన్నపట్టణమునకును కలకత్తాకును నడుమ పోవు 16వ నంబరు జాతీయ రహదారియు, ఆ రెండు నగరములను కలుపు రైలు మార్గమును మన ప్రక్కనుండియే పోవుచున్నవి. తూర్పున కృష్ణపట్నము ఓడరేవు 2008లో తెరువబడినది. వరి మడులలో నాట్లు వేసి, కలుపు తీసి బ్రదికిన వారి బిడ్డలు నేడు రేవులోను, కంపెనీలలోను, లారీలమీదను పనిచేసి నెలజీతము తెచ్చుకొనుచున్నారు. ఇది దేవుడు చేసిన మేలు. నెల్లూరు మనకు ఇంటి వాకిలివంటిది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రపు స్త్రీలకు పల్లెవెలుగు బస్సులలోను, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ఛార్జీ లేకుండెను. బస్సులో ఖర్చు లేదు గాని, బస్సు దిగినచోట ఖర్చు మన కొరకు కాచుకొని యున్నది!

మన దగ్గర టోలుగేటు ఉన్న సంగతి మీరెరుగుదురు. పూర్వము అక్కడ బండి ఆపి, జేబులో చేయి పెట్టి, నోటు తీసి ఇచ్చి, చిల్లర లెక్క చూచుకొని పోయెడివారు. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు తప్పనిసరియైనది. అద్దమునకు అంటించిన చీటీ చూచి గేటు లేచును, బండి పోవును, డబ్బును పోవును. ఎంత పోయెనో ఫోను చూచుకొన్నప్పుడే తెలియును. ప్రియులారా, నేడు మన సంసారమంతయు ఆ టోలుగేటు వంటిదే అయినది. 2016 నుండి ఫోనుతో డబ్బు చెల్లించు పద్ధతి వచ్చినది. టీ అంగడిలోను, కూరగాయల బండి దగ్గరను, సినిమాహాలులోను ఫోను చూపుటయే. మన తల్లులు డబ్బును కొంగున ముడివేసికొనెడివారు. ఖర్చు పెట్టవలెనంటే ముడి విప్పవలెను. ఆ ముడి విప్పునంతసేపు ఆలోచించుటకు వ్యవధి దొరికెడిది. ఇది కావలెనా, ఇంటిలో ఉప్పు ఉన్నదా, పిల్లవాని పుస్తకమునకు మిగులునా అని మనసు అడిగెడిది. ఇప్పుడు ముడి లేదు. ముడితోపాటు ఆ ప్రశ్నయు పోయినది.

ఇంతవరకు చదివి, అయ్యగారు సినిమాలను, హోటళ్లను ఖండింపబోవుచున్నారని మీరనుకొందురేమో. ఒకప్పుడు మేమట్లే చేసితిమి. దానివలన మాకు కలిగిన సిగ్గును మీకు దాచక చెప్పుట మంచిదని తోచుచున్నది.

మన సంఘములోని ఒక యౌవనస్థుడు తన మొదటి జీతముతో ఇంటిల్లిపాదిని నెల్లూరు తీసికొనిపోయి, సినిమా చూపించి, పెద్ద హోటలులో భోజనము పెట్టించెనని వింటిమి. ఆ వచ్చిన ఆదివారము మేము పేరు ఎత్తకయే, అతడు ఎదురుగా కూర్చుండగా, నోటి రుచికి జీతము తగులబెట్టువారిని గూర్చి గట్టిగా ప్రసంగించితిమి. అతడు తల వంచుకొనెను. ఆరాధన ముగిసి అందరును వెళ్లిన తరువాత, అతని అవ్వ మాత్రము వాకిట వేపచెట్టు క్రింద నిలిచియుండి, ఈలాగు చెప్పినది:

“అయ్యగారూ, మీరు మా మనవణ్ణే అన్నారని నాకు తెలుసు. అనండి, బిడ్డలాంటివాడే కదా. కానీ ఒక్క మాట విననీయండి. నా చిన్నతనాన మా నాయనతో కూలికి పోయినప్పుడు టీ అంగట్లో మాకు వేరే గలాసు. అది చూరులో పెట్టి ఉండేది. తీసుకొని, టీ పోయించుకొని, నేలమీద కూర్చొని తాగి, మేమే కడిగి మళ్లీ చూరులోనే పెట్టాలి. బల్లమీద కూర్చుంటే ఊరుకుంటారా? మొన్న నా మనవడు నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టినాడు. ఒక పిల్లోడు వచ్చి, ‘ఏం కావాలమ్మా’ అని నన్నే అడిగినాడు. చేపల పులుసు తెచ్చినాడు. నిజం చెప్పాలంటే, నేను మామిడికాయ వేసి చేసే పులుసే దానికన్నా బాగుంటుంది. కానీ నన్ను ‘అమ్మా’ అన్నాడే, దానికి నాకు కండ్లల్లో నీళ్లు వచ్చినాయి.”

మేము ఏమి చెప్పుటకును తోచక, “ఎంతయినదవ్వా?” అని అడిగితిమి.

“కూటికి పదిహేనువందల అరవై రూపాయిలు. చీటీ నాకు చదివి చెప్పినాడు. ఎదురింటామె నడవలేదు కదా, ఆమెకు ఒక పొట్లం కట్టించినాము, అది కూడా అందులోనే. అప్పు చెయ్యలేదు అయ్యగారూ. ముందు నీకు మందులు తెచ్చి, ఆ పైనే పోదామన్నాడు.”

ఆ మాట మా గుండెను పొడిచినది. ఏలయనగా దానికి రెండు వారములకు ముందు మేము ఇద్దరు పెద్దలతో కూడ ఒక కూటమునకు నెల్లూరు పోయియుంటిమి. తిరుగు దారిలో మేమును మంచి హోటలు చూచి కూర్చుంటిమి. ఆ భోజనపు డబ్బు మా చేతిది కాదు, సంఘపు డబ్బు. దానిని సంఘపు లెక్కలో “ప్రయాణ ఖర్చులు” అని వ్రాయించితిమి. ఆ నెలలోనే ఒక విధవరాలు తన యింటి పైకప్పు రేకు పగిలినదని సహాయమడుగగా, సంఘపు పెట్టెలో సొమ్ము లేదని చెప్పి పంపితిమి. చదువురాని అవ్వ తన భోజనపు లెక్కను పది రూపాయిలు తప్పక వేపచెట్టు క్రింద చెప్పగలిగెను. వేదపాఠశాలలో చదివిన మేము మా లెక్కను చెప్పలేకపోయితిమి. మా భోజనమునకు ప్రయాణమని పేరు పెట్టి దాచుకొంటిమి.

తరువాతి కమిటీ కూటములో మేము ఆ సంగతి ఒప్పుకొని, ఎనిమిదివందల నలువది రూపాయిలు తిరిగి కట్టి, పుస్తకములో ఆ వరుసను కొట్టివేసి, మా చేతితో మేమే సరిగా వ్రాసితిమి. ఆ డబ్బుతోను, పెద్దలు వేసికొన్న మరికొంత డబ్బుతోను ఆ విధవరాలి రేకు మారినది. మరుసటి ఆదివారము సంఘము ఎదుటనే ఆ యౌవనస్థుని క్షమాపణ కోరితిమి. ప్రసంగ వేదికకు అవమానమగునేమో అని కొందరు పెద్దలు సందేహించిరి. అవమానము కాలేదు. ఆ దినము మొదలు ఇద్దరు ముగ్గురు తమ ఇంటి అప్పుల సంగతి మాతో మనసు విప్పి చెప్పుటకు వచ్చిరి.

ఈ ఉపమానములో పెద్ద కుమారుడెవరో ఆ నెలలోనే మాకు తెలిసినది. అతడు దూరదేశమునకు పోలేదు, ఒక కాసైనను పాడుచేయలేదు. అయినను తమ్ముడు ఏమి తినెనో, ఎవరితో తిరిగెనో అన్న చిట్టా మాత్రము అతని నోట సిద్ధముగా ఉన్నది. పరుల చిట్టా వ్రాయుటయందు ఆసక్తి గలవాడు తన చిట్టా వ్రాసికొనుట మరచును. చిన్నవాడు తండ్రి ధనమును పాడుచేసెను. పెద్దవాడు తండ్రి సంతోషమును పాడుచేయజూచెను. తండ్రి ఇద్దరికొరకును బయటికి వచ్చెను.

ఇంకొక సంగతి గమనింపుడి. తండ్రి యింటిలోను విందు ఉన్నది. క్రొవ్విన దూడ ఉన్నది, వాద్యములున్నవి, నాట్యమును ఉన్నది. దూరదేశములో విందు, తండ్రి యింటిలో ఉపవాసము అని మన ప్రభువు చెప్పలేదు. ఆయన కానా ఊరి పెండ్లికి పోయెను, లేవి యింట సుంకరులతో బల్లయొద్ద కూర్చుండెను, జక్కయ్య యింటికి పిలువకయే అతిథియై పోయెను. తిండిపోతని ఆయనను నిందించినవారుండిరని మత్తయి వ్రాసియున్నాడు. పునరుత్థానుడైన పిమ్మట సముద్రతీరమున నిప్పులమీద చేపలు కాల్చి శిష్యులను భోజనమునకు పిలిచినవాడును ఆయనయే. ఈ సముద్రపు ఒడ్డున, చేప తిని పెరిగిన మనకు ఆ ఉదయపు భోజనము ఎంత దగ్గరి సంగతి!

మరియు మన జనులు ఒక బల్లయొద్ద కూర్చుండుట ఊరక వచ్చినది కాదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగములోని 15వ అధికరణము, అంగళ్లలోను, హోటళ్లలోను, వినోద స్థలములలోను ప్రవేశించుటకు కులమునుబట్టి ఎవరిని అడ్డగింపరాదని చెప్పుచున్నది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానిని నేరముగా ఎంచి శిక్షించు చట్టము వచ్చెను. ఇవి వచ్చిన తరువాతను చూరులోని గలాసు చాల యేండ్లు చూరులోనే ఉన్నది. ఆ అవ్వ కుర్చీలో కూర్చుండి తిన్న భోజనము వెనుక ఇంత చరిత్ర ఉండగా, మేము అందులో నోటి రుచిని మాత్రమే చూచితిమి.

మన పితరులు కష్టార్జితమును తినుట నేర్చినవారు. 1876 మొదలు 1878 వరకు కలిగిన గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో ఒక భాగము త్రవ్వించు పనిని ప్రభుత్వమునుండి తీసికొని, ఆకలితో వచ్చినవారికి పనియు కూలియు ఇచ్చిరి. సువార్తయు చెప్పించిరి. అయితే కూలికొరకు క్రైస్తవులగుదురేమో అని, ఆ కరవు నెలలలో బాప్తిస్మములను ఆపివేసిరి. సహాయపు పని ముగిసిన తరువాతను జనులు తిరిగి వచ్చి అడిగిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమును ఎరగా వేయరాదు, కూలి చేసినవాని ముద్దకు గౌరవమున్నది అని ఆ పనివలన మన సంఘములు నేర్చుకొన్నవి. కాబట్టి కష్టపడి తెచ్చిన డబ్బుతో తల్లికి ఒక పూట మంచి భోజనము పెట్టువానిని మనము నిందింపరాదు.

అట్లయిన ఏ ఖర్చైనను మంచిదేనా? కాదు. దూరదేశపు ఖర్చుకును తండ్రి యింటి ఖర్చుకును భేదమున్నది. దానిని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలునని మాకు తోచుచున్నది.

మొదటి ప్రశ్న: ఇది ఎవరి డబ్బు? అప్పు చేసి పప్పుకూడు అను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. 2010లో మన రాష్ట్రములో చిన్న అప్పుల సంస్థల వారపు వాయిదాలు కట్టలేక ఎన్నో కుటుంబములు నలిగిపోగా, ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. నేడు అప్పు ఫోనులోనికే వచ్చినది. పండుగ బట్టలకు, విహారయాత్రకు, పుట్టినదినపు విందుకు అప్పు తీసి, వాయిదాకు మరియొక అప్పు తీయువారు మన మధ్య ఉన్నారు. వినోదమను పేర పందెమును వచ్చినది. డబ్బు పెట్టి ఆడు రమ్మి మొదలైన ఫోను ఆటలను మన రాష్ట్రము 2020లో నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టము చేసెను. చట్టము గేటు వేయగలదు గాని, మనసులోని ఆశకు గేటు వేయలేదు. చిన్న కుమారుడు తాను సంపాదింపని దానిని ఖర్చు పెట్టెను. రేపటి కూలిని ఈ రాత్రియే తినివేయువాడును అట్లే చేయుచున్నాడు.

రెండవ ప్రశ్న: ఇంటియొద్ద ఎవరిని విడిచివచ్చితిమి? అందరును బయలుదేరి పోవునప్పుడు మూలనున్న తల్లికి చల్ది అన్నము పెట్టి తలుపు దగ్గరగా వేసి పోవు ఇండ్లు ఉన్నవి. తండ్రి సినిమాకును సారాయికిని పెట్టినందున కుమార్తె కాలేజీ ఫీజు నిలిచిపోయిన ఇండ్లు ఉన్నవి. ఉపమానములోని తండ్రి విందు లోపల సాగుచుండగనే, బయట నిలిచినవానికొరకు లేచి వచ్చెను. ఒకడు బయట ఉండగా ఆయనకు ముద్ద దిగలేదు. ఆ అవ్వ ఎదురింటామెకు కట్టించిన పొట్లములో మేము ఆ తండ్రి మనసును చూచితిమి.

మూడవ ప్రశ్న: దీనిని పుస్తకములో వ్రాసి ఇంటిలో చదువగలమా? దాచవలసిన ఖర్చు దూరదేశపు ఖర్చు. దానికి వేరొక పేరు పెట్టవలసివచ్చినను అంతే. దీనికి సాక్షులము మేమే.

చిన్న లెక్కలవలన ఏమగునని అనవద్దు. మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరి స్త్రీలు అక్షరదీపము బడిలో చదువు నేర్చుకొన్నారు. తమ మగవారి కూలి ఏ అంగడికి పోవుచున్నదో లెక్క వేసికొన్నారు. 1992లో సారాయి అంగడిని మూయించిరి. రోశమ్మగారు ముందు నిలిచిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడెను. అటు పిమ్మట మన జిల్లా స్త్రీలు దినమునకు ఒక్క రూపాయి చొప్పున దాచు పొదుపులక్ష్మి సంఘములు ఏర్పరచుకొనిరి. ఒక్క రూపాయి! లెక్క తెలిసిన రూపాయి బలమైనది. దేవాలయపు కానుకపెట్టె యెదుట కూర్చుండి మన ప్రభువు చూచినది కూడ ఒక బీద విధవరాలి రెండు కాసులనే. ఆమె ఎంత వేసెనో ఆయన చూచెను. ఏమి మిగుల్చుకొనెనో దానిని కూడ చూచెను.

కాబట్టి ప్రియులారా, ఈ నెల జీతమో కూలియో చేతికి వచ్చిన దినమున పది రూపాయిల నోటుపుస్తకము ఒకటి కొనుడి. మొదటి వరుసలో దేవుని భాగము వ్రాయుడి. రెండవ వరుసలో తీర్చవలసిన అప్పు, మూడవ వరుసలో మందులు, చదువు, బియ్యము వ్రాయుడి. ఆ తరువాత వెనుదీయక “సంతోషము” అని ఒక వరుస వ్రాయుడి. అందులో సినిమాయో, మైపాడు సముద్రతీరమునకు ప్రయాణమో, హోటలు భోజనమో, మీకు చాలినంత వ్రాసికొనుడి. ఆ వరుసలో ఒక పొట్లమునకును చోటు ఉంచుడి. ఫోనుతో చెల్లించినదానిని ఆ రాత్రియే వ్రాయుడి. పోయిన కొంగుముడికి బదులు ఆ పుస్తకమే మనకు ముడి యగును. శనివారము రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యము చదివిన తరువాత భార్యయు భర్తయు ఆ పుటను కలిసి చదువుకొనుడి. భర్త మాత్రమే ఎరిగిన లెక్కయు, భార్య మాత్రమే మోయు అప్పును ఇంటిని చీల్చును.

మా పాస్టరు ఇంటిలోను అట్టి పుస్తకము ఉన్నది. సంఘపు చిట్టాను ఇకమీదట ప్రతి నెల మొదటి ఆదివారము అందరు వినునట్లు చదువుటకు కమిటీ ఒప్పుకొన్నది. ఆ దినముననే ఎవరి యింటి కూర వారు తెచ్చుకొని, మందిరపు వాకిట అందరము ఒక్క పంక్తిని కూర్చుండి భోజనము చేయుదము. హోటలుకు పోలేనివారు, నడువలేనివారు మొదట కూర్చుందురు. చేపల పులుసు వండు భారము అవ్వ తనమీద వేసికొన్నది. మామిడికాయ వేసియే చేయుదునని ముందే చెప్పినది.

దూరదేశమున ఉన్నదంతయు పోగొట్టుకొని వచ్చినవానికి కూడ తండ్రి బల్లయొద్ద చోటు ఉన్నది. లెక్క తప్పి అప్పులలో మునిగి, మందిరమునకు రాలేక సిగ్గుపడుచున్న సహోదరుడా, ఈ మాట ముఖ్యముగా నీ కొరకే వ్రాసితిమి. ఆ కుమారుడు తన చిట్టా సరిచేసికొని ఇంటికి రాలేదు. ఉన్న స్థితిలోనే లేచి వచ్చెను. తండ్రి మొదట లెక్క అడుగలేదు, మెడ కౌగిలించుకొనెను. నీవును లేచి రమ్ము. లెక్క తరువాత కలిసి కూర్చుండి చూచుకొందము.

మన చేతుల కష్టార్జితమును, మన బల్లమీది అన్నమును, మన రాకపోకలను దేవుడు ఆశీర్వదించును గాక. ఆమేన్.